ముందు తలుపు తెరిచిన రోజు

ఆ రోజు పొద్దున తూర్పున నేలకీ మబ్బుకీ మధ్య బెత్తెడు జాగా మాత్రం తెరిపిగా ఉంది. ఆ సందులోంచి పసుపుపచ్చని వెలుగు పొలాల మీదికి పాకుతోంది. పైనంతా బూడిదరంగు మబ్బు మూత పెట్టినట్టు కదలకుండా ఉంది. చిత్తడిని ఎండగట్టి చేసిన మా ఫెన్ నేలలో కొండ లేదు, గుట్ట లేదు. ఆకాశం ఏం చేసినా మనిషికి చాటు ఉండదు. అడవి బాతుల గుంపొకటి బాగా కిందుగా ఎగురుతూ పోయింది. అవి అంత కిందుగా పోయాయంటే మధ్యాహ్నానికి గాలి లేస్తుంది.

నేను భుజాన సంచి వేసుకుని కాలువ గట్టు మీద నడుస్తున్నాను. సంచిలో చిత్రిక, ఉలి, సుత్తి ఉన్నాయి. వెళ్తున్నది మా నాన్న ఇంటికి, ముందు తలుపు తెరవడానికి.

ఆ పని చెప్పింది మా చెల్లెలు థెల్మా. ముందురోజు సాయంత్రం సైకిల్ మీద వచ్చి, దిగకుండానే ఒక కాలు నేలకి ఆనించి చెప్పింది.

"అన్నయ్యా, ఇల్లు కొలవడానికి రేపు ఆ కౌన్సిల్ అతను మళ్ళీ వస్తాడంట. ఈసారి కూడా తలుపు తియ్యకపోతే ఇక రాడంట. నాకు క్యారెట్ల షెడ్డులో సెలవివ్వరు. నువ్వెళ్ళి ఆ ముందు తలుపు తీసిపెట్టు."

"నాన్న ఒప్పుకోడు."

"ఒప్పుకోడనే నిన్ను వెళ్ళమంటున్నా. నేను చెబితే అరుస్తాడు. మీరిద్దరైతే ఎటూ మాట్లాడుకోరు, పని జరిగిపోద్ది."

నవ్వింది. నేనూ కొంచెం నవ్వాను. కాలు తీసి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.

మా నాన్న జేబెజ్ ఉంటున్నది కౌన్సిల్ ఇల్లు, అంటే స్థానిక ప్రభుత్వానిది. యుద్ధం అయిపోయాక కట్టి పనివాళ్ళకి అద్దెకిచ్చారు. చాలా ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళు తక్కువ ధరకి కొనుక్కోవచ్చని ఈమధ్య కొత్త చట్టం వచ్చింది. నాన్నకి ఏళ్ళు ఉన్నాయి, డబ్బు లేదు. ఆయనతో ఉంటున్న థెల్మాకి జీతం ఉంది కానీ చాలదు. అందుకని తన కూతురు గెయిల్, అల్లుడు, వాళ్ళ చంటిపిల్ల వచ్చి చేరేలా, అందరి సంపాదన చూపించి అప్పు తెచ్చేలా ఏర్పాటు చేసుకుంది. మేడమీద మూడు గదులు. ముందుది నాన్నది, మధ్యది థెల్మాది, వెనక చిన్నది గెయిల్ వాళ్ళకి.

ఆ వెనక గది ఒకప్పుడు నాది.

పందొమ్మిదో ఏట దాన్ని వదిలి, స్టెబింగ్స్ గారి పొలంలో పనికి కుదిరి, వాళ్ళిచ్చిన ఇంట్లో ఉంటున్నాను. పని ఉన్నన్నాళ్ళే ఆ ఇల్లు. ఈ శీతాకాలం నా మోకాలు పూర్తిగా చెడింది. పొదల కంచెలు కోయలేను, కాలువ దిగలేను. పెద్దాయన పోయాడు, ఇప్పుడంతా కొడుకు పెత్తనం. ట్రాక్టరు నడిపే కొత్త మనిషికి ఇల్లు కావాలన్నాడు. మార్చిలో, కౌళ్ళ గడువు తీరే లేడీ డే పండగ నాటికి ఖాళీ చెయ్యాలి. చట్టం నీ వైపుంది, అడుగు అని కొందరన్నారు. నేను అడగలేదు. అలాంటి మాటలు నా నోట్లో ఎప్పుడూ లేవు.

నాకున్నది ఆ వెనక గది ఒక్కటే ఆశ. దాన్ని పైకి అనలేదు. అనేలోపే అది గెయిల్‌కి వెళ్ళిపోయింది. అయ్యాక ఇంకేం అంటాను?

*

వెనక గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి వెళ్ళాను. నాన్న పొయ్యి పక్కన కుర్చీలో ఉన్నాడు. పొయ్యి మీద పెద్ద గిన్నె మూత టకటకలాడుతోంది. థెల్మా పనికి పోయేముందు పంది మాంసం కొవ్వు కలిపిన పిండిలో చుట్టి, గుడ్డలో కట్టి ఉడకేసింది. నీళ్ళు తగ్గకుండా పోస్తూ ఉండడం నాన్న పని.

"వచ్చావా," అన్నాడు సంచి చూసి. "ఆయుధాలతోటే వచ్చావే."

"తలుపు బిగిసిపోయిందంటగా."

"బిగిసిపోలా. మూసుంది. రెండూ ఒకటి కాదు."

నేను టీ పోసుకున్నాను. మా ఊళ్ళో ముందు తలుపులు ఎవరూ వాడరు. చుట్టాలైనా, బొగ్గులవాడైనా, డాక్టరైనా వెనకనుంచే వస్తారు. ముందునుంచి వచ్చేది పాదిరీ. ముందునుంచి వెళ్ళేది పెళ్ళికూతురు, శవపేటిక. అందుకే కౌన్సిల్ అతను రెండుసార్లు వచ్చి ముందు తలుపు ఎంత కొట్టినా నాన్న ఈ కుర్చీలోంచి కదల్లేదు. ముందు తలుపు కొట్టేవాడితో నాకేం పని అన్నాడట.

"మీ అమ్మ వెళ్ళాక దాన్ని తియ్యలేదు," అన్నాడు నాన్న. "మళ్ళీ తీస్తే ఇక వెళ్ళాల్సింది నేనే. నువ్వా తలుపు తీసిచూడు, ఊళ్ళో జనం టోపీలు చేత్తో పట్టుకుని నిలబడతారు."

"గంటసేపే నాన్నా. అతను చూసి పోగానే మూసేస్తా."

"వెనకనుంచి రమ్మనొచ్చుగా."

"ముందు తలుపు తీసి ఉంటదని చెల్లాయి ఫోన్ చేసి చెప్పిందంట."

"దానికి ఈమధ్య అన్నీ ఫోన్లే." పొయ్యిలో బొగ్గు ఎగదోశాడు. "ఈ ఇల్లు ఇచ్చిన రోజు మీ అమ్మ ఇక్కడే, సామానింకా దించకముందే, పెట్టె మీద కూర్చుని, ఇక మనల్ని ఎవరూ లేచిపొమ్మనరు అంది. కొనకుండానే అంది ఆ మాట."

"కొంటే ఇంకా గట్టిగా ఉంటది."

"ఎవరికి?"

నేను కప్పు కడిగి బోర్లించాను. సంచి తీసుకుని నడవలోకి తిరిగాను.

"స్టెబింగ్స్ కొడుకు నిన్ను లేచిపొమ్మన్నాడంటగా," అన్నాడు నాన్న వెనకనుంచి.

ఆగిపోయాను.

"ఎవరు చెప్పారు?"

"బొగ్గుల వాల్టర్. పోయిన వారం బస్తా దించుతా, ఇదిగో ఇక్కడే చెప్పాడు."

"చెల్లాయి..."

"అది అక్కడే గిన్నెలు కడుగుతోంది. కుళాయి కట్టేసి విన్నది. విని మళ్ళీ తిప్పింది."

నిన్న సాయంత్రం ఒక కాలు నేలకి ఆనించి నవ్విన ముఖం గుర్తొచ్చింది. అప్పటికే దానికి తెలుసు. నేనేమన్నా అంటానేమోనని సైకిల్ దిగలేదు.

"నువ్వు నోరు తెరిచి అడగాలి రా," అన్నాడు నాన్న. "గొడ్డు కూడా అరుస్తుంది."

"తలుపు పని చూస్తా," అన్నాను.

*

నడవలో వెలుగు లేదు. నాన్న అక్కడ విత్తనపు బంగాళాదుంపల్ని మొలకలకి పెట్టాడు. గుడ్ల అట్టల్లో కళ్ళు పైకి వచ్చేలా ఒక్కొక్కటే నిలబెట్టి తలుపు దాకా వరసగా పరిచాడు. ఇంట్లో అంత చల్లని చోటు ఇంకోటి లేదు. అట్టలన్నీ ఒక్కొక్కటే మెట్ల మీదికి చేర్చాను. మేకుకి అమ్మ గొడుగు ఇంకా వేలాడుతోంది. తలుపు కింద గాలి రాకుండా చుట్టి పెట్టిన గోనె తీస్తే దాని అడుగున ఎండిన ఆకులు, ఒక పూసల గుండీ దొరికాయి. గుండీ జేబులో వేసుకున్నాను.

ఏడాది మార్చి ఏడాది కౌన్సిల్ రంగులవాళ్ళు వచ్చి తలుపు తెరవకుండానే బయటినుంచి రంగు పూసి పోయేవారు. తలుపూ ద్వారబంధమూ ఒకే చెక్కలా అతుక్కుపోయాయి. ఉలితో చుట్టూ కోసుకుంటూ వచ్చాను. ఆకుపచ్చ కింద గోధుమరంగు, దాని కింద నీలం. నీలం అమ్మ ఉన్నప్పటిది. రెండు చేతులా లాగితే పెద్ద చప్పుడుతో వచ్చింది. కాలువ గాలంతా ఒక్కసారి ఇంట్లోకి వచ్చింది.

"వచ్చిందా?" అని వంటింట్లోంచి నాన్న.

"వచ్చింది."

"ఎవరన్నా నిలబడ్డారా?"

"ఇంకా లేదు."

అడుగు ఉబ్బి ఉంది. కీళ్ళు ఊడదీసి, ముందు గదిలోంచి రెండు కుర్చీలు తెచ్చి, వాకిట్లో ఎదురెదురుగా వేసి, వాటి మీద తలుపు పడుకోబెట్టాను. అలా అయితే నడుము వంచకుండా చిత్రిక పట్టొచ్చు. మంచు కురుస్తుందేమోనని నాన్న పాత నల్ల కోటు వేసుకున్నాను. చిత్రిక కింద పొట్టు పొడుగ్గా, తడిగా చుట్టలు తిరుగుతూ లేస్తోంది. రొట్టెల బండి వెళ్తూ వెళ్తూ వేగం తగ్గించింది. బండి తోలే అతను టోపీ తీశాడు. ఎప్పుడూ చెయ్యి ఊపేవాడు. ఎదురింటి పెక్ గారి ఆవిడ మేడమీద పరదాలు లాగేసింది, తరవాత కింద గదివి కూడా. ఎండకి సోఫా రంగు పోతుందని ఆవిడకి ఎప్పుడూ బెంగ. ఆ రోజు ఎండ లేదు.

నాకు అప్పుడే తట్టాల్సింది. మనసు వంటింటి కుళాయి దగ్గరే ఉండిపోయింది.

*

కౌన్సిల్ అతను వెనకనుంచి వచ్చాడు.

నేను తలుపు మళ్ళీ కీళ్ళకి ఎక్కించి, తెరిచి పెట్టి, చెక్కపొట్టు ఊడుస్తుంటే వంటింట్లోంచి మాటలు వినిపించాయి. వెళ్ళి చూస్తే గుమ్మంలో బూట్లు విప్పుతున్న ఒక మనిషి ఉన్నాడు, సన్నగా, ఎర్రటి చెవులతో. పేరు పెల్ అట.

"రెండుసార్లు ముందు కొట్టిపోయానండీ," అంటున్నాడు నాన్నతో. "నిన్న రాత్రి భోజనం దగ్గర అంటే మా అమ్మ నవ్వింది. ముందు తలుపు కొడితే ఎవరు తీస్తారురా, వాళ్ళేమన్నా చచ్చారా అంది. మాదీ ఇక్కడే, సటన్ ఊరి వైపేలెండి."

నాన్న నా వంక చూశాడు. చాలా రోజుల తరవాత ఆయన కళ్ళలో నవ్వు చూశాను.

"మావాడు పొద్దుటినుంచీ మీ కోసమే తలుపు చెక్కుతున్నాడు. వెళ్ళేటప్పుడైనా అటునుంచి వెళ్ళండి, వాడు బాధపడతాడు."

పెల్ టేపు తీసి వంటిల్లు కొలిచాడు, ముందు గది కొలిచాడు. గోడ మీద చెమ్మ తట్టి చూశాడు. నేను టేపు కొస పట్టుకున్నాను. మేడెక్కాం. నాన్న కూడా కమ్మీ పట్టుకుని, మెట్ల మీద దుంపల అట్టలు తప్పించుకుంటూ, ఆయాసపడుతూ వెంట వచ్చాడు. వద్దన్నా వినలేదు.

వెనక గది తలుపు తెరిచాడు పెల్. కిటికీ కింద నా పాత మంచం ఉంది. మంచం మీద దుప్పటి కొత్తగా మడిచి పెట్టి ఉంది. అది థెల్మా మడత కాదు. థెల్మా మూలలు కలుపుతుంది. ఇది నాన్న మడత, చాప చుట్టినట్టు. ఎప్పుడు ఎక్కి వచ్చి వేశాడో.

"ఇది ఎవరిదండీ?" అన్నాడు పెల్. "కాగితంలో ఇద్దరే ఉంటున్నారని ఉంది. మీరూ, మీ అమ్మాయీ."

"రూబెన్‌ది," అన్నాడు నాన్న నన్ను చూపించి. "ముగ్గురం."

పెల్ నా వంక తిరిగాడు. "మీరు ఇక్కడే ఉంటారా? ఉంటే రాయాలండి. మీ ఒప్పుదల కూడా తీసుకోవాలి. కాగితాలు మళ్ళీ మొదటినుంచి వేసుకోవాలనుకోండి, కొంచెం ఆలస్యం. అంతే."

ఆలస్యమైతే గెయిల్ వాళ్ళు ఆగరు. వాళ్ళు ఊళ్ళో వేరే ఇల్లు చూసిపెట్టుకున్నారని తెలుసు. గెయిల్ లేకపోతే అప్పు లేదు. అప్పు లేకపోతే థెల్మా నాన్న పోయేదాకా షెడ్డులో క్యారెట్లు కడిగి, ఆ తరవాతా అద్దెకే ఉంటుంది. అవునని ఒక్క మాట అంటే చాలు. మంచం ఉంది, దుప్పటి ఉంది. కిటికీలోంచి నేను మొదటిసారి కోసిన కంచె కనిపిస్తోంది. చలికి నల్లబడి, ఆకు లేకుండా, ఇంకా వరస తప్పకుండా ఉంది.

"నాన్న పొరబడుతున్నాడు," అన్నాను. "పెద్దవాడయ్యాడు. ఈ గదిలో ఎవరూ ఉండరు."

"నేను పొరబడతన్నానా," అన్నాడు నాన్న.

"అవును నాన్నా."

పెల్ మా ఇద్దరినీ చూశాడు. గది కొలిచాడు. టేపు కొస నేనే పట్టుకున్నాను. నాన్న మంచం మీద కూర్చున్నాడు. ఆయన పాదాల చుట్టూ కొలవాల్సి వచ్చింది.

వెళ్ళేటప్పుడు పెల్ ముందు తలుపులోంచే వెళ్ళాడు, నాన్న అన్న మాట గుర్తుపెట్టుకుని. బూట్లు చేత్తో పట్టుకుని నడవ దాటి, గడప మీద కూర్చుని తొడుక్కున్నాడు.

"బాగా తిరుగుతోందండి తలుపు," అన్నాడు నాతో.

*

అతను వెళ్ళిన కాసేపటికి సైకిల్ కంచెకి గుద్దుకున్న చప్పుడైంది. థెల్మా. తలకి గుడ్డ, చేతులకి రబ్బరు తొడుగులు, షెడ్డు బూట్లు అలాగే ఉన్నాయి. వెనక గుమ్మానికి వెళ్ళలేదు. తెరిచి ఉన్న ముందు తలుపులోంచి నేరుగా నడవలోకి వచ్చింది. మెట్ల మీద దుంపలకి కాలు తగిలింది. రెండు కిందికి దొర్లాయి.

వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

నాన్న పొయ్యి పక్కన గిన్నెలో నీళ్ళు పోస్తున్నాడు.

"బతికే ఉన్నావా," అంది థెల్మా.

"గిన్నె చూడమన్నావుగా," అన్నాడు నాన్న.

థెల్మా ద్వారబంధం పట్టుకుని కిందికి జారి కూర్చుంది. ఊపిరి అందడం లేదు. "పెక్ ఆవిడ ఫోన్ చేసింది. మీ ఇంటి ముందు తలుపు తీసుంది, వాకిట్లో కుర్చీల మీద పేటిక పెట్టారు, మీ అన్న నల్లకోటేసుకుని పక్కన నిలబడ్డాడు, త్వరగా రా అంది. యజమాని కూడా వెళ్ళమ్మా అన్నాడు. ఆడాళ్ళందరూ పని ఆపి లేచి నిలబడ్డారు."

"నిలబడ్డారా," అన్నాడు నాన్న తృప్తిగా. "చెప్పానా."

"తలుపు అది," అన్నాను నేను. "చిత్రిక పడుతున్నా."

థెల్మా నవ్వబోయి ఏడ్చింది. తొడుగులతోనే ముఖం తుడుచుకుంది. బుగ్గ మీద మట్టి చార పడింది. నాన్న గిన్నె మూత పెట్టి, మెల్లగా తిరిగాడు.

"దారిపొడుగునా ఏడ్చావా?"

"ఏడవకేం చేస్తా?"

"నాకా, ఇంటికా?"

నాకు ఆ మాట వినపడకుండా ఉంటే బాగుండుననిపించింది. థెల్మా తల దించుకుంది. చాలాసేపు తొడుగుల వేళ్ళు ఒక్కొక్కటే లాగింది.

"మొదట నీకే," అంది. "వంతెన దాకా."

నాన్న తల ఊపాడు. కోపంగా కాదు. అడిగిన దానికి సరిగ్గా చెప్పినందుకన్నట్టు.

"వచ్చాడా?" అంది తరవాత నన్ను చూసి.

"వచ్చాడు. కొలిచాడు. అంతా బాగానే ఉందన్నాడు."

"వెనకనుంచి వచ్చాడు," అన్నాడు నాన్న. "గది ఎవరిదని అడిగాడు. మీ అన్న ఎవరిదీ కాదన్నాడు. ఇప్పుడు నువ్వడుగు, ఎక్కడ పడుకుంటాడో."

థెల్మా లేచింది. కుళాయి దగ్గరికి వెళ్ళి తిప్పింది. చేతులు కడుక్కుంటూ, మా వైపు వీపు పెట్టి అడిగింది.

"అన్నయ్యా, స్టెబింగ్స్ ఇల్లు ఖాళీ చేయమన్నాడంటగా. ఎక్కడన్నా చూసుకున్నావా?"

"చూసుకున్నా."

"ఎక్కడ?"

"కాలువ చివర పంపు దగ్గర చక్రాల బండి ఇల్లు ఉందిగా. ఉండమన్నారు."

అలా ఎవరూ అనలేదు. ఆ నిమిషంలో నోటికొచ్చింది.

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. "దాని నేల పుచ్చిపోయింది కదా. పిల్లలప్పుడు నా కాలు దిగబడింది."

"బల్లలు కొడతా."

"పొయ్యి ఉందా?"

"చిన్నది పెట్టుకుంటా."

థెల్మా కుళాయి కట్టేసింది. తిరిగి నన్ను చూసింది. మా చెల్లెలికి నా అబద్ధం చిన్నప్పటినుంచీ తెలుసు. నేను అబద్ధమాడితే ఎడమ చెవి పట్టుకుంటాను, అమ్మ చెప్పేది. చెయ్యి అక్కడే ఉంది, దించేశాను. అది చూసింది. చూసి ఇంకో మాట అడుగుతుందేమోనని నేను ఎదురుచూశాను. అడిగితే ఏం చెప్పేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

"అయితే మంచిదేలే," అంది.

నాన్న కళ్ళు మూసుకున్నాడు.

"ఎటూ వచ్చాను, తిని వెళ్తా," అంది థెల్మా. గిన్నెలోంచి గుడ్డ మూట పైకి తీసి, నీళ్ళు కారనిచ్చి, దారం కోసింది. గుడ్డ విప్పగానే ఆవిరి లేచి కిటికీ అద్దాలు మసకబారాయి. నేను బల్ల దగ్గర నా చోట, గోడ వైపు కూర్చున్నాను. థెల్మా మూడు పళ్ళేలు పెట్టింది, ఉల్లిపాయల ఊరగాయ సీసా తెరిచింది, బంగాళాదుంపలు వడ్డించింది.

ఆ చుట్టకి చివర్లు ఉత్త పిండి. మాంసమంతా మధ్యలో ఉంటుంది. మధ్య ముక్క నాన్నది. మా ఇంట్లో అది ఏనాడూ మారలేదు. అమ్మ జబ్బు పడ్డప్పుడు కూడా ఆయన పళ్ళెంలోకే వెళ్ళింది.

థెల్మా మధ్య ముక్క మందంగా కోసి నా పళ్ళెంలో పెట్టింది.

నాన్న చూశాడు. కత్తి చేతిలోకి తీసుకుని, తన పళ్ళెంలోని కొస పిండి ముక్కని చిన్నచిన్న ముక్కలుగా కోసుకున్నాడు. థెల్మా కూర్చుంది. గాలి లేచింది. నడవలోంచి వచ్చి బల్ల కింద మా కాళ్ళకి తగులుతోంది. ముందు తలుపు మూయాల్సింది నేనే, లేవలేదు. వాళ్ళూ లేవలేదు. మాంసం మెత్తగా ఉడికింది, ఉప్పు సరిపోయింది. ముగ్గురం పళ్ళేల్లోకి చూస్తూ తిన్నాం. షెడ్డుకి తిరిగి వెళ్ళాల్సి ఉన్నా, నా ముక్క అయ్యేదాకా థెల్మా తన ఫోర్కు కింద పెట్టలేదు.